పుల్లరి, లంక, పోరంబోకు: నదీతీర ఉమ్మడి మేతభూముల చరిత్రకు మూడు మాటల సాక్ష్యం

సారాంశం

కృష్ణా, గోదావరి నదుల వరదమైదానాలలో వేసవికాలమంతా ఊరి పశువులు ఉమ్మడిగా మేసే ఆచారం ఒకప్పుడు వ్యవసాయ జీవనంలో విడదీయరాని భాగం. ఆ మేత ఏ హక్కు మీద సాగింది, ఆ హక్కు ఏ క్రమంలో బలహీనపడింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పుల్లరి, లంక, పోరంబోకు అనే మూడు పదాల ఆధారంగా పరిశీలిస్తుంది. శాసనాలు, భారత భాగవతాలు, 1871 నుంచి 1948 వరకు వచ్చిన చట్టాలు ఇందుకు ఆకరాలు. మేత హక్కును ఎవరూ ఒక్కసారిగా రద్దు చేయలేదని, హక్కును సూచించే మాటలు క్రమంగా అనుమతిని, ఆస్తిని, చివరకు నిందను సూచించే మాటలుగా మారాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: లంక, పుల్లరి, పోరంబోకు, మందబయలు, బందెలదొడ్డి, అర్థాపకర్ష

1. ప్రస్తావన

తెలుగువారి భూమి చరిత్ర ప్రధానంగా సేద్యపు భూమి చరిత్రగానే రూపొందింది. అగ్రహారాలు, మాన్యాలు, శిస్తులు, జమీందారీలు, పట్టాలు అన్నీ దున్నిన నేలకు సంబంధించినవే. దున్నని నేల ప్రస్తావన వచ్చినప్పుడు అది బీడు, బంజరు, పోరంబోకు అనే మాటలతో ముగిసిపోతుంది. పైరు లేకపోవడమే ఆ నేలకు లక్షణమైంది. కాని కాడెద్దు లేనిదే దున్నిన నేల లేదు, మేత లేనిదే కాడెద్దు లేదు. కాబట్టి సేద్యపు చరిత్రకు మేతభూమి చరిత్ర పూర్వాంగం.

మేతభూములలో నదీతీర భూములది ప్రత్యేక స్థానం. మెట్టప్రాంతపు బీడు వేసవిలో ఎండిపోతుంది. కొండదాపు అడవి మేత వాన మీద ఆధారపడుతుంది. ఏటి నడుమ, ఏటి గట్ల వెంట వరద ముంచి తేలిన నేలలో మాత్రం ఒండుమట్టి కింద తేమ నిలుస్తుంది. మిగిలిన చోట్ల పచ్చిక మాడిపోయే నెలలలోనే ఇక్కడ గరిక, తుంగ, లేత రెల్లు దొరుకుతాయి. ఏటా నీరు మింగి మళ్ళీ విడిచిపెట్టే ఈ నేలకు శాశ్వతమైన గట్లు ఉండవు. ఈ ఏడు ఉన్న దిబ్బ మరుసటి ఏడు ఉండకపోవచ్చు, మరోచోట తేలవచ్చు. గట్టు లేని చోట సొంతం అన్న భావన సులభంగా నిలవదు. ఉమ్మడి వాడుకకు ప్రకృతి సమకూర్చిన కారణం ఇదే.

2. మేతకాలం: కనుమ నుంచి ఏరువాక దాకా

కాలువలు రాకముందు డెల్టా వ్యవసాయపు పంచాంగం రెండు పండుగల నడుమ మేతకాలాన్ని స్పష్టంగా గుర్తించింది. సార్వా వరి కోతలు, నూర్పిళ్ళు పూర్తయ్యాక సంక్రాంతి మరునాడు కనుమ వస్తుంది. అది పశువుల పండుగ. వానలు మొదలయ్యే వేళ జ్యేష్ఠ పూర్ణిమనాడు ఏరువాక వస్తుంది. అది నాగలి పూజ, దుక్కి ఆరంభం. పుష్యం నుంచి జ్యేష్ఠం దాకా సాగే ఈ అయిదు నెలలు పశువుకు కాడి బరువు తక్కువ, మేత అవసరం ఎక్కువ.

ఈ కాలంలో మేత రెండంచెలుగా సాగేది. మొదటి అంచె కోసిన పొలాలలోని మోళ్ళు, గట్ల మీది గడ్డి. పైరు నిలిచి ఉన్నంతవరకే పొలం ఒకరి సొంతం, కోత పూర్తయ్యాక అది ఊరి మందకంతటికీ బయలు. మోళ్ళు అయిపోయి ఎండ ముదిరాక రెండో అంచెగా మందలు ఏటి వైపు కదిలేవి. వేసవిలో పాయలు సన్నగిల్లుతాయి కాబట్టి పశువులు నడిచో ఈదో లంకకు చేరగలవు. కాపరులు అక్కడే పాకలు వేసుకొని ఉండేవారు. గోదావరికి ఎర్రనీరు రావడం తిరుగుప్రయాణానికి గుర్తు. ఎగువ వానల మట్టి కలిసిన ఆ తొలినీటి రంగు చూసి మందను గట్టు దాటించాలి. ఆ సరికి ఏరువాక రానే వస్తుంది, ఎడ్లు దుక్కికి కావాలి. ఏటి గడువు, సేద్యపు గడువు ఈ విధంగా ఒకదానితో ఒకటి పొసగడం ఈ ఆచారపు బలం.

3. శాసన, కావ్య సాక్ష్యాలు

మేతభూమి గురించి మధ్యయుగ శాసనాలు నేరుగా మాట్లాడే సందర్భాలు తక్కువ. అవి పరోక్షంగా చెప్పేది మాత్రం విలువైనది. దాక్షారామం మొదలైన తీరాంధ్ర ఆలయాలలో అఖండదీపాలకు పశువులను దానం చేసిన శాసనాలు అనేకం ఉన్నాయి. దాత పేరు, పశువుల సంఖ్య, వాటిని స్వీకరించిన బోయ పేరు, అతడు రోజూ దీపానికి పోయవలసిన నెయ్యి కొలత వీటిలో సాధారణంగా కనిపించే అంశాలు. ఆ పశువులను ‘ఇనుప ఎడ్లు’ అని వ్యవహరించడం గమనార్హం. మందలో చచ్చిన పశువు స్థానాన్ని పుట్టిన పశువు నింపుతుంది కాబట్టి దానపు సంఖ్య ఎన్నటికీ తరగదని, ఇనుములా చెక్కుచెదరదని ఆ మాటకు తాత్పర్యం.

తరతరాలుగా తరగని మందకు తరతరాలుగా తరగని మేత కావాలి. దీపానికి నేతిని, నేతికి మందను, మందకు కాపరిని నియమించిన శాసనకర్తలు మేతకు ప్రత్యేకంగా భూమిని కేటాయించడం సామాన్యంగా కనిపించదు. శాసనపు మౌనం దానంతట అది నిరూపణ కాదు. అయినా ఇంత జాగ్రత్తగా కొలతలు రాసుకున్నవారు మేతను రాయకపోవడానికి సమంజసమైన కారణం ఒకటే తోస్తుంది. మేత కొని ఇవ్వవలసిన వస్తువు కాదు, అది ఊరి బయళ్ళలో ఏటి గట్లలో ఉన్నదే అన్న నమ్మకం.

కావ్యాలలో రెండు ఘట్టాలు ఈ చర్చకు ఉపకరిస్తాయి. భాగవత దశమస్కంధంలోని బృందావన గ్రీష్మం మొదటిది. లోకమంతా ఎండలకు వేగుతున్నా నదీజలాల తేమ వల్ల అక్కడ పచ్చిక వాడలేదని, గ్రీష్మం వసంతంలా ఉందని ఆ వర్ణన సారాంశం. ఆ తరువాతి ఘట్టంలోనే గోవులు మేత ఆశతో దూరం వెళ్ళి ముంజాటవిలో కార్చిచ్చుకు చిక్కుతాయి. కృష్ణుడి మహిమను చాటడం కథకు లక్ష్యమే. కాని వేసవిలో ఏటి పచ్చిక రక్షణ, దాన్ని వదిలి ఎండిన అడవికి పోవడం ప్రమాదం అన్న పశుపాలకుల అనుభవం ఆ కథ అడుగున ఉంది. ఇది యమునాతీర వర్ణన కాబట్టి గోదావరి చరిత్రకు నేరుగా ఆధారం కాజాలదు. అయినా ఆ వర్ణనలోని తర్కం గోదావరి తీరపు శ్రోతకు కొత్త కాదు.

రెండవది అరణ్యపర్వంలో ఎఱ్ఱన రచించిన భాగంలోని ఘోషయాత్ర. దుర్యోధనుడు పశువుల మందలను లెక్కించి, దూడలకు గుర్తులు వేయించే నెపంతో ద్వైతవనానికి వెళతాడు. పాండవులను పరిహసించాలన్నది అతడి లోపలి ఉద్దేశం. నెపం నమ్మదగినదిగా ఉంటేనే అది నెపంగా పనికివస్తుంది. రాజు మేతభూమికి వెళితే పశువులను లెక్కపెట్టడానికే వెళతాడన్నది శ్రోతలకు సహజంగా తోచిన విషయమని దీనివల్ల తెలుస్తుంది. ఇక్కడ రాజ్యం లెక్కిస్తున్నది పశువులను, నేలను కాదు. ఈ భేదం తరువాతి చర్చకు కీలకం.

4. పుల్లరి: హక్కుకు గుర్తు, అనుమతికి వెల

‘పుల్లు’ అంటే గడ్డి, ‘అరి’ అంటే కప్పం లేదా పన్ను. పుల్లరి అంటే గడ్డిపన్ను. ఇంటిపన్నుకు ఇల్లరి అన్న మాట దీనికి జోడు. కాకతీయుల కాలపు పన్నులలో ఈ రెండూ కనిపిస్తాయి. కాబట్టి పూర్వం మేత పూర్తిగా ఉచితమన్న ఊహ సరికాదు. పన్ను ఉండేది.

ఆలోచించవలసింది పన్ను స్వభావం. ఇల్లరి కట్టినవాడికి ఇంట్లో ఉండే హక్కు రాజు ఇచ్చినది కాదు. ఇల్లు అతడిది, రాజు ఆ ఇంటి మీద తన భాగాన్ని తీసుకుంటున్నాడు. ఇల్లరి, పుల్లరి ఒకే అచ్చులో పోసిన మాటలు కావడం వల్ల పుల్లరిని కూడా అలాగే అర్థం చేసుకోవడం సమంజసం. మేసే హక్కు ముందే ఉంది, పన్ను ఆ హక్కు మీద పడింది. ఇటువంటి పన్ను హక్కును కాదనదు, దానికి సాక్ష్యం పలుకుతుంది.

ఇంగ్లండులోని ఒక ఉదాహరణ ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ పట్టణం పక్కన థేమ్స్ నది వరదమైదానంలో పోర్ట్ మెడో అనే పచ్చిక బయలు ఉంది. 1086లో తయారైన డూమ్స్‌డే గ్రంథంలో ఆక్స్‌ఫర్డ్ పౌరులకు కోట వెలుపల ఉమ్మడి మేతభూమి ఉందని, దానికి వారు 6 షిల్లింగుల 8 పెన్నీలు చెల్లిస్తున్నారని నమోదైంది. ఆ చెల్లింపు వారి హక్కుకు రాతపూర్వక రుజువుగా నిలిచింది. నేటికీ అక్కడ హక్కుదారుల పశువులు, గుర్రాలు మేస్తున్నాయి. చెల్లించిన సొమ్ము పన్నా, అద్దెనా అన్నదానికన్నా అది ఎవరి పేర, ఏ హక్కు కింద రాయబడిందన్నదే చరిత్రను నిర్ణయించింది.

తెలుగునేల మీద పుల్లరి దీనికి విరుద్ధమైన దారి పట్టింది. 1882 నాటి మద్రాసు అడవుల చట్టం తరువాత రిజర్వు అడవులలో మేతకు రుసుము చెల్లించి అనుమతి పొందవలసి వచ్చింది. ప్రజలు ఆ రుసుమును కూడా పాతమాటతో పుల్లరి అనే పిలిచారు. మాట అదే, అర్థం తలకిందులైంది. పాత పుల్లరి ఉన్న హక్కు మీద పన్ను అయితే, కొత్త పుల్లరి లేని హక్కుకు బదులు కొనుక్కొనే అనుమతి. 1921లో పల్నాడులో చెలరేగిన పుల్లరి సత్యాగ్రహాన్ని ఈ కోణంలో చూడాలి. అక్కడి రైతులు కేవలం డబ్బు భారాన్ని ఎదిరించారనడం అసమగ్రం. తమదైన దాన్ని తమకే అమ్మడాన్ని వారు ఎదిరించారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులలో ప్రాణాలర్పించాడు. పల్నాటి పరిస్థితులను విచారించడానికి వెళ్ళి అరెస్టయిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులోనే ‘మాలపల్లి’ రచించడం తెలుగు సాహిత్య చరిత్రకు తెలిసినదే. మేతభూమి సమస్యకు, ఆధునిక తెలుగు నవలకు మధ్య ఉన్న ఈ సామీప్యం మరింత పరిశీలనకు అర్హమైనది.

5. ఆనకట్టలు, దాళ్వా, బందెలదొడ్డి

పల్నాడులో మేతకు అడ్డుకట్ట అడవి చట్టం ద్వారా వస్తే డెల్టాలో అది నీటి ద్వారా వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855 నాటికి సిద్ధమైంది. ఈ కట్టడాలు కరవు నుంచి డెల్టాను కాపాడాయన్నది నిర్వివాదం. కాటన్ దొర పేరు గోదావరి తీరంలో నేటికీ ప్రజల నోళ్ళలో నిలవడం అందుకే. అయితే ఆ మేలు ఖరీదులో మేత ఒక భాగం.

కాలువ నీరు అందిన ప్రతి బీడూ వరిచేనుగా మారే అవకాశం వచ్చింది. మేతకు వదిలిన నేల వల్ల ప్రభుత్వానికి శిస్తు తక్కువ, చేనైతే ఎక్కువ. అంతకన్నా లోతైన మార్పు కాలంలో జరిగింది. కాలువల కింద రెండో పంట దాళ్వా స్థిరపడిన చోట కోసిన పొలం ఊరి మందకు బయలయ్యే వేసవి నెలలు మాయమయ్యాయి. కనుమ, ఏరువాక రెండూ నిలిచాయి, వాటి నడుమ మేతకాలం పోయింది. రైతు గడ్డివాము మీద, వరి తరువాత చల్లే పిల్లిపెసర, జనుము వంటి మేతపైర్ల మీద ఆధారపడవలసి వచ్చింది. సొంత పొలం ఉన్నవాడికి గడ్డివాము ఉంటుంది. భూమి లేని కాపరికి, కూలికి వాము లేదు. ఉమ్మడి మేత పోవడం అందరికీ సమానమైన నష్టం కాదు.

మేసే చోటు తగ్గి పైరు పెరిగినప్పుడు పశువు చేలో పడడం సహజం. 1871 నాటి పశువుల దురాక్రమణ చట్టం బందెలదొడ్డికి శాసనబద్ధమైన రూపం ఇచ్చింది. పైరు మేసిన పశువును దొడ్డికి తోలవచ్చు, యజమాని జరిమానా, మేత ఖర్చు చెల్లించి విడిపించుకోవాలి, గడువులోగా విడిపించకపోతే వేలం. పొలం పాడైన రైతుకు ఈ రక్షణ అవసరమే. కాని పశువు చేలో పడితే శిక్ష విధించిన చట్టం, పశువు మేసే బయలులో చేను పడితే ఏమిటన్న ప్రశ్నను తాకలేదు.

6. చట్టాలలో లంక

దీవి అని మాత్రమే అర్థమున్న ‘లంక’ తెలుగు నదీతీరంలో ఏటి నడుమ తేలిన నేలకు ప్రత్యేక నామమైంది. వరద తెచ్చే ఒండు వల్ల లంకనేల అతిసారవంతం. గోదావరి లంకలు 19వ శతాబ్దిలోనే పొగాకుకు ప్రసిద్ధి పొందాయి, లంకపొగాకు ఒక రకానికే పేరైంది. పొగాకుకు కౌలు పలికే నేల మీద గడ్డికి విలువ లేకుండా పోయింది. ఈ నేల ఎవరిది అన్న ప్రశ్న అప్పుడే తీవ్రమైంది. మూడు చట్టాలు దీనికి మూడు విధాలుగా సమాధానమిచ్చాయి.

మొదటిది 1905 నాటి మద్రాసు భూఆక్రమణ చట్టం. రోడ్లు, సముద్రతీరం, నదులు, వాగులు, చెరువుల గర్భాలు, మరొకరి సొత్తు కాని సమస్త భూములు ప్రభుత్వ ఆస్తి అని ఇందులోని రెండవ సెక్షను ప్రకటించింది. అదే సెక్షను ఆ యాజమాన్యాన్ని దారి హక్కులకు, ఇతర ప్రజాహక్కులకు, చట్టరీత్యా నిలిచి ఉన్న ఆచారహక్కులకు లోబరచింది. అంటే నేల ప్రభుత్వానిదైనా దాని మీద మేత ఆచారం ఉంటే అది చెల్లుతుంది. అయితే రాతలో లేని ఆచారాన్ని కోర్టులో రుజువు చేయవలసిన భారం కాపరి మీద పడింది.

రెండవది 1908 నాటి మద్రాసు ఎస్టేటు భూముల చట్టం. జమీందారీ గ్రామాలలో చెరువులు, కళ్ళాలు, మందబయళ్ళు, గ్రామకంఠాలు వంటి ఊరుమ్మడి భూములను ఇది రైతీ భూమి నిర్వచనం నుంచి మినహాయించింది. ఊరివారందరి వాడుకకు వదిలిన భూమి అన్న భావనకు ఇక్కడ చట్టం స్పష్టమైన రూపమిచ్చింది.

మూడవది 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టం. ప్రభుత్వానికి సంక్రమించే ఆస్తుల జాబితాలో ఉమ్మడి భూములు, పోరంబోకులు, బంజర్లు, మేతభూములు, అడవులు, నదులతో పాటు లంకభూములు కూడా పేరుతో సహా ఉన్నాయి. తెలుగు ఏటి మాట ఇంగ్లీషు చట్టంలోకి అనువాదం లేకుండా ప్రవేశించింది. ఇవన్నీ సమస్త భారాల నుంచి విముక్తంగా ప్రభుత్వానికి చెందుతాయని ఆ చట్టం పేర్కొంది. ఇక్కడ ‘భారం’ అన్నది ప్రధానంగా జమీందారు చేసిన తాకట్ల వంటి వాటిని ఉద్దేశించింది. మేత ఆచారాన్ని తుడిచివేయడానికే ఆ మాట వాడారనలేం. జమీందారీ రద్దు రైతుకు చేసిన మేలును తక్కువ చేయడమూ తగదు. కాని 1905 చట్టం ఆచారహక్కులకు లోబడి అన్నచోట 1948 చట్టం భారాలు లేకుండా అనడంలో దృక్పథపు మార్పు ఉంది. మొదటి దానిలో నేలకు ప్రభుత్వం యజమాని, ప్రజలు హక్కుదారులు. రెండవ దానిలో ప్రజల వాడుక ప్రస్తావనే వెనుకకు జరిగింది. ఘోషయాత్రలో పశువులను లెక్కించిన రాజ్యం ఇక్కడ నేలను లెక్కించింది, పశువులను మరిచింది.

కొల్లేరు ఈ మరుపుకు సమీపకాలపు ఉదాహరణ. వానకాలంలో విస్తరించి వేసవిలో కుంచించుకుపోయే ఈ సరస్సు అంచులలో తేలిన నేల గేదెల మేతకు ఆధారంగా ఉండేది. చేపల చెరువుల గట్లు ఆ నేలను ముక్కలు చేశాయి. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటన వెలువడింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చోటు దక్కింది. చెరువులా, పక్షులా అన్న వాదంలో వేసవి మేత మూడో పక్షంగానైనా నిలవలేకపోయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో స్థానికుల హక్కులను విచారించే ప్రక్రియ ఉంది. కాని విచారణకు ముందుగా హక్కుకు ఒక పేరు ఉండాలి.

7. పోరంబోకు, ఆంబోతు: అర్థాపకర్ష

‘పోరంబోకు’ తమిళ ‘పుఱంబోక్కు’ నుంచి వచ్చింది. ‘పుఱం’ అంటే వెలుపల. శిస్తు లెక్కకు వెలుపల ఉంచిన భూమి అని భావం. చెరువు, శ్మశానం, బాట, మందబయలు అన్నీ పోరంబోకులే. ఊరు బతకడానికి వీటిలో ఏది లేకపోయినా కుదరదు. శిస్తు దృష్టిలో మాత్రం అవి ఫలం లేనివి. కాలక్రమంలో ఈ మాట పనీపాటా లేని మనిషికి తిట్టయింది.

‘అచ్చోసిన ఆంబోతు’ అనే జాతీయం సరిగ్గా ఇదే దారి పట్టింది. దైవం పేర అచ్చువేసి వదిలిన ఆబోతు ఊరి మందకంతటికీ బీజం. ఏ చేలో మేసినా దాన్ని తరిమేవారు కారు. దాని స్వేచ్ఛ ఊరి అవసరం మీద ఆధారపడిన గౌరవం. నేటి వాడుకలో ఆ జాతీయం బాధ్యత లేకుండా తిరిగేవాడికి నింద. భాషాశాస్త్రం దీన్ని అర్థాపకర్ష అంటుంది. విడిగా చూస్తే ఇవి సామాన్యమైన అర్థపరిణామాలే. కలిపి చూస్తే వీటిలో ఒక క్రమం కనిపిస్తుంది. ఉమ్మడి నేల, ఉమ్మడి పశువు రెండూ ఒకే విధంగా తిట్లుగా మారాయి. ఒకరి సొంతం కానిది పనికిరానిది అన్న విలువ సమాజంలో బలపడిందనడానికి నిఘంటువు ఇచ్చే సాక్ష్యం ఇది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, నదీతీర వేసవి మేత క్రమం లేని వాడుక కాదు. అది వరద, పంట, పండుగలతో ముడిపడి కాలనియమం కలిగిన వ్యవస్థ. రెండు, పుల్లరి మొదట ఈ వాడుకను గుర్తించిన పన్ను, తరువాత దాన్ని కాదన్న రుసుము. ఒకే మాట రెండు విరుద్ధ వ్యవస్థలకు పేరు కావడం వల్ల మధ్యలో జరిగిన నష్టం కనబడకుండా పోయింది. మూడు, చట్టం ఆచారహక్కును 1905లో కాపాడినా దాన్ని నమోదు చేసే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆక్రమణ తొలగిన నేల ఎవరి వాడుకకు తిరిగి వస్తుందో నిర్ణయించాలంటే పూర్వపు వాడుకకు ఆధారాలు కావాలి. ఆ ఆధారాలు రెవెన్యూ అడంగళ్ళలో కన్నా గ్రామనామాలలో, కాపరుల పలుకుబడిలో, పశువుల పాటలలో, దానశాసనాలలో ఎక్కువగా ఉన్నాయి. లంక, మంద, దొడ్డి, బయలు అనే మాటలు చేరిన ఊరిపేర్లను, పొలాల పేర్లను జిల్లాలవారీగా సేకరించి శాసనాలతోనూ పాత సర్వే పటాలతోనూ పోల్చడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. మేత సంగతి తెలిసిన చివరి తరం కాపరులు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆ సేకరణ వారి జీవితకాలంలోనే జరగాలి.